తాడు ఇవతలి కొస

లేవగానే దీపం వేసి
పిక్కలు చూసుకుంటాను.
రాత్రికి రాత్రి ఎవరో ఎర్ర ఆవాలు చల్లిపోయినట్టు
సన్నటి చుక్కలు.
నిన్న చీలమండ దగ్గరున్నవి
ఇవాళ మోకాలి కిందికి వచ్చాయి.
లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను.
పోటు ఏ మెట్టు దాకా ఎక్కిందో
చూసినట్టు చూస్తాను, అంతే.

పళ్ళకి పసిపిల్లల బ్రష్షు.
ఉమ్మిలో గులాబీరంగు.
అది చూసి ఎలాడియో రేడియో గొంతు తగ్గిస్తాడు,
చప్పుడుకి కూడా నేను కములుతాననుకుంటాడు కాబోలు.

"బయటి శత్రువెవరూ లేరు,"
అంది లా కొరూన్యాలో డాక్టరమ్మ,
"నీ కాపలావాళ్ళే నీ ప్లేట్‌లెట్లని పోల్చుకోలేక
ప్లీహంలోకి ఈడ్చుకెళ్ళి చంపుతున్నారు."
లక్షన్నర ఉండాల్సిన చోట పద్నాలుగు వేలు.
కంచే చేను మేసిందన్నమాట.
మేస్తే మేసింది,
కోపమొచ్చి ఆ కంచె పీకేద్దామంటే
అదీ నేనే.

స్టెరాయిడ్ మాత్రల నెలల్లో
మొహం పులిసిన పిండిలా పొంగింది.
రాత్రి మూడింటికి నిలబడి
చల్లారిన బంగాళదుంప అట్టు మొత్తం తిన్నాను.
అలమరాలు సర్దాను, మళ్ళీ సర్దాను,
ఉప్పు డబ్బా మూత రాలేదని ఏడ్చాను.
అంకె తొంభై వేలకి ఎక్కింది.
మాత్ర సగం చేయగానే
చెప్పాపెట్టకుండా దిగిపోయింది.

జూన్‌లో ఒకరోజు ఉక్క భరించలేక
పొట్టి చేతుల చొక్కాతో చేపల వేలానికి వెళ్ళాను.
మోచేతి పైన వంకాయరంగు మచ్చ,
దాని పక్కన పాతదొకటి
ఆకుపచ్చ మీదుగా పసుపుకి తిరుగుతూ.
ఒబ్దూలియా తూకం ఆపింది.
నా చేయి చూసింది,
తర్వాత నా మొగుడి చేతులు చూసింది.
ఎలాడియో వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలీక
జేబుల్లో దోపుకున్నాడు.
ఇరవయ్యేళ్ళు బస్సు తోలిన చేతులు.
నన్ను దగ్గరికి తీసుకోబోయి
ఈ మధ్య గాలిలోనే ఆగిపోతున్న చేతులు.

మా వేలంలో ధర పైనుంచి కిందికి దిగుతుంది,
ఎవరో ఒకరు "నాది" అని ఆపేదాకా.
నేను పెట్టె మీదికెక్కి పాటగాడి గొంతుతో అరిచాను:
"తొంభై వేలు! నలభై! ఇరవై! పద్నాలుగు!
నా నెత్తురమ్మా ఇది, ఎవరైనా ఆపండి!"
కుర్రాళ్ళు నవ్వారు, ఆలస్యంగా.
ఒబ్దూలియా నవ్వలేదు.
కాసేపయ్యాక ఎలాడియో వైపు
ఒక స్టూలు జరిపింది.

డిసెంబరొచ్చింది. పెర్సెబెలకి బంగారం ధర.
ఇదివరకు నేనే దిగేదాన్ని ఆ రాళ్ళ మీదికి,
గీరుకుపోయిన వేలు నోట్లో పెట్టుకుని
నెత్తురా సముద్రమా అని చూడకుండా
మళ్ళీ ఉలి పట్టేదాన్ని.
ఇప్పుడు చెల్లెలు దోసిందా దిగుతుంది.
నేను పైన తాడు పట్టుకుంటాను,
రెండు జతల గ్లౌజులు, నడుముకి మడతపెట్టిన దుప్పటి.
అల వచ్చేముందు దాని భుజం ఎత్తడం కనిపెట్టి
అరవడం నా పని.
ఊళ్ళో నాకంటే ముందు పసిగట్టేవాళ్ళు లేరు.
తెలీకుండా వచ్చేవాటితోనే కదా నా కాపురం.

డాక్టరమ్మకి ఇది చెప్పలేదు.
ఇంటికెళ్ళాక దుప్పటి దాటి కూడా
నడుము చుట్టూ నీలం పట్టీ ఉంటుంది.
ఎలాడియో తిట్టడు.
దాని మీద కాదు, దాని పక్కన
ఒక్క వేలు ఆనిస్తాడు.

మంగళవారం మళ్ళీ సూది.
కింద నురగలోంచి దోసిందా తలెత్తి అరిచింది,
"ఎంత?"
అల సంగతో, అంకె సంగతో
ఆ గాలిలో తెలీలేదు.
"చాల్లే, పైకి రా," అన్నాను,
తాడు బిగిస్తూ.