గొడుగు పట్టేవాళ్లు

మర్డో తన వీపును ఎప్పుడూ చూసుకోలేదు.
ముప్ఫయ్యేళ్లుగా అది నా పద్దు.
కంచె గుంజలు పాతి వచ్చిన సాయంత్రాల్లో
ముళ్లు తీసిందీ నేనే, మందు రాసిందీ నేనే.
ఎడమ రెక్క కింద ఆ మచ్చ పాత పరిచయం,
పెసరగింజంత, గుండ్రంగా, బుద్ధిగా ఉండేది.

గొర్రెలు ఈనే నెలలో చూద్దును గదా
అంచులు చెదిరాయి.
ఒక పక్క సిరా, ఒక పక్క తుప్పు,
నడుమ కాస్త నీలం.
"ఈగేమో, తోలెయ్" అన్నాడు.
తోలాను. లేవలేదు.

డునీడిన్‌లో డాక్టర్ ఇస్లా ఫెర్నీ
చీటీ వెనక బొమ్మ గీసింది:
చర్మంలో గొడుగు పట్టేవాళ్లుంటారట.
ఎండ కాస్తే రంగు నూరి పక్క కణాలకు పంచుతారు,
ఒక్కో కేంద్రకం నెత్తిన ఒక్కో నల్ల టోపీ.
వాళ్లది ఆ ఊరు కాదట.
పిండం వెన్ను దగ్గర బయల్దేరి
నడిచి నడిచి చర్మం చేరినవాళ్లు.
ఏ వేసవి ఏ అక్షరం చెరిపిందో,
ఒకడికి పాత నడక గుర్తొచ్చింది.

లోతు రెండు మిల్లీమీటర్లు.
నేను షెడ్డులో ఉన్ని రకాలు ఏరేదాన్ని,
నా చూపు మైక్రాన్లలో.
నూరు ఉన్నిపోగులు పక్కపక్కన పేరిస్తే అంత.
చాలా దూరం.

చుట్టూ మంచి చర్మం కలిపి కోశారు.
నీలిరంగు ఎక్కించి, అది పారిన దారి పట్టుకుని
చంకలో మొదటి గ్రంథిని తీశారు.
అందులో ఉన్నారు, కొద్దిమందే.
మర్నాడు ఒంటేలు పచ్చగా వచ్చిందని
నర్సును కేకేశాడు మర్డో.
ఆ వారం మేం నవ్వింది అప్పుడే.

ఇంటిదొంగ గనక కాపలావాళ్లు పట్టుకోలేదు.
వాడు వాళ్ల భుజం మీద చెయ్యేసి
"మనవాణ్ణే" అంటాడట.
ఆ చేతిని విదిలించే మందు
మూడు వారాలకోసారి, చుక్క చుక్కగా,
చూడ్డానికి ఉత్త నీళ్లు.

లేచిన కాపలావాళ్లు ఇంట్లోవాళ్లనీ బాదారు.
థైరాయిడ్ పోయింది. వేళ్ల కణుపులు వాచాయి.
తర్వాత చేతుల మీద తెల్లమచ్చలు,
ఒక కనుబొమ్మ మంచులా.
మంచి గుర్తే కావచ్చు అంది ఇస్లా,
మాట మాత్రం ఇవ్వలేనంది.
పాపం, నమ్మకంగా గొడుగు పట్టినవాళ్లూ పోతున్నారు.

ఇప్పుడు పొద్దున్నే నేను పడతాను,
అరచేతిలో చల్లటి లేపనంతో.
కుట్ల గీత దగ్గర వేళ్లు వాటంతటవే మెల్లబడతాయి.
అద్దం తెచ్చి చూపించనా అంటే వద్దంటాడు.
"నీ పద్దేగా."

గురువారం స్కాన్.
ఉన్ని కత్తిరించేవాళ్లు కూడా
గురువారమే వస్తామన్నారు.