రెండో వరస

మొదటి వరస ఆఖర్న పెట్టాలట.
యాభై రెండేళ్ళొచ్చాక ఇది నాకు కొత్త సంగతి.
నేలను నమ్మకు, అంది కింగా,
నేల ఎప్పుడూ ఎటో ఒకవైపు ఒరిగే ఉంటుంది.
గోడకి బద్ద కొట్టు, రసమట్టం ఆనించు,
బుడగ నడిమధ్య నిలబడ్డాక
రెండో వరసతో మొదలెట్టు.

ఓడల కార్ఖానాలో పాతికేళ్ళు వెల్డింగు చేసినవాణ్ణి.
ఇనుము మాట వినకపోతే మంట పెట్టి ఒప్పించేవాణ్ణి.
ఇక్కడ మంట లేదు.
గ్దీనియాలో నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు,
ఒక్కోటీ పాతిక కిలోల జిగురు బస్తాలు,
తలుపు తీస్తే క్యాబేజీ సూపు వాసన:
యద్వీగా గారి స్నానాలగది.

గోడ మధ్యలో గీత గీసి లెక్క చూసుకోవాలి,
రెండంచులా ముక్కలు సమానంగా తెగేట్టు.
ఒక మూల నిండు టైలు, మరో మూల వేలెడు పీలిక వచ్చిందో,
"కొలవడం రానివాడు వచ్చి వెళ్ళాడని
ఇల్లున్నన్నాళ్ళూ ఆ పీలిక చెబుతుంది, వీటోల్డ్."
కింగాకి ముప్పై ఒకటి. చెవి వెనక పెన్సిలు.
తిట్టదు.
తిడితే బాగుండునని రెండుసార్లు అనిపించింది.

పళ్ళ తాపీని ఏటవాలుగా పట్టి
జిగురులో ఒకే దిక్కుకి చాళ్ళు తీయాలి.
అటూ ఇటూ గీకితే గాలి చిక్కుకుంటుంది.
టైలు వీపుకీ పల్చగా పూసి, ఒత్తి, రవ్వంత జరిపి,
అప్పుడప్పుడూ ఒకటి ఊడదీసి చూడాలి, వీపంతా తడిసిందో లేదో.
పొర కట్టేస్తుందేమోనని నాకు తొందర.
చేతిలో తాపీ ఉంది, మనిషిలో తాపీ లేదు.

గురువారం. వేలి కణుపుతో గోడంతా కొట్టుకుంటూ వచ్చాను.
టక్, టక్, టక్.
నీళ్ళ ట్యాంకు వెనక, ఎవరూ చూడని చోట, ఒకటి
ఖాళీ డబ్బాలా పలికింది.
నేను దగ్గాను.
కింగా కిటికీ దగ్గర టీ తాగుతోంది, తల తిప్పలేదు.
యద్వీగా గారు పాత మేస్త్రీ సంగతి చెబుతున్నారు,
మంచి పాటగాడట,
టైల్స్ మాత్రం మూడేళ్ళకే రాలాయట.

ఓడ అడుగున నా అతుకులకి ఎక్స్‌రే తీసేవారు.
ఆ తర్వాత సముద్రం చూసేది.
ఈ టైలునెవరు చూస్తారు?
ఎనభై ఏళ్ళావిడా, ఆవిడ సబ్బూ, కాస్త ఆవిరీ.

నేను ఉలి అడగలేదు.
ఆమే అందించింది, కప్పు కింద పెట్టకుండానే.
టైలు తేలిగ్గా ఊడొచ్చింది, సిగ్గు లేనంత తేలిగ్గా.
వెనక అరచేయంత మేర జిగురే అంటలేదు,
పొద్దున పెట్టెలోంచి తీసినట్టే ఉంది.

శనివారం బద్ద పీకి మొదటి వరస పెట్టాం.
ఎడమ నుంచి కుడికొచ్చేసరికి నేల పదకొండు మిల్లీమీటర్లు దిగింది.
ప్రతి టైలుకీ వేరే కొలత, వేరే కోత.
ఏ రెండూ ఒక ఎత్తు కావు.
చూస్తే తెలియదు.
మూలల్లో గ్రౌట్ వద్దు, సిలికాన్ పెట్టు, ఇల్లు కదులుతుంది, అంది కింగా.
బాగుందని మాత్రం అనలేదు.
సోమవారం ఏడింటికి రమ్మంది.

ట్రాలీబస్సు కోసం నిలబడి
స్టాపు గోడని కణుపుతో కొట్టి చూశాను.
డొల్ల.