బతికున్న వెండి

చొక్కా ఉతుకుతుంటే
జేబు కుట్టులోంచి జారింది ఆవగింజంత చుక్క.
పట్టుకోబోయాను.
వేలికి అంటలేదు, తడి చెయ్యలేదు,
ఉంగరాన్ని మాత్రం కావలించుకుంది.
సాయంత్రానికి నా బంగారం తెల్లబోయింది.

ఇద్రియాలో ఇదేం వింత కాదు.
పాదరసాన్ని మేం పిలిచే పేరే బతికున్న వెండి.
ఉర్బన్‌కి దానితో ఇరవై రెండేళ్ల సావాసం.
ఎర్రరాయిని కొలిమిలో కాలిస్తే ఆవిరై లేచి
చల్లటి గొట్టాల్లో చెమటలా పట్టి
బొట్టూ బొట్టూ కలిసి మడుగు కడుతుందట.
అందులో ఇనపగుండు వేస్తే
బెండులా తేలుతుందట.
పెళ్లయిన కొత్తలో ఇవే అతని సరసాలు.

ఊరంతా చెప్పే కథా చెప్పేవాడు:
నాలుగొందల ఏళ్ల కిందట
పీపాలు చేసేవాడొకడు కొత్త తొట్టిని
వాగులో నానబెట్టి పోయాడట,
పొద్దున ఎత్తబోతే లేవలేదట,
అడుగున దోసెడు మెరుపు.
వాడి నడుం పట్టేసిందో లేదో ఎవరూ చెప్పరు.
నేనైతే అదే అడుగుతాను.

ఇనుము దానికి లొంగదు గనక
ఇనపసీసాల్లో బళ్లెక్కి పోతుంది మా వెండి.
జ్వరం కొలిచే గాజుపుల్లల్లోకి,
తగరంతో కలిసి అద్దాల వీపు మీదికి,
సముద్రాలవతల పసిడిమట్టి కడిగేవాళ్ల పళ్లేల్లోకి,
టోపీలు చేసేవాళ్ల ఊపిరిలోకి.
పోగా మిగిలింది మా మగాళ్ల ఎముకల్లో.

ఉర్బన్‌కి పదకొండు పళ్లున్నాయి.
చెంచా నోటికి చేరేలోపు
సూప్ సగం గడ్డానికి, పావు బల్లకి.
అతని సంతకం చూసి
చీమ సిరాలో పడి లేచినట్టుందన్నాడు గుమాస్తా.

నేను లేసు అల్లుతాను.
దిండు మీద పన్నెండు జతల కదుళ్లు.
వేలు తొణికితే పువ్వు చెడుతుంది,
పువ్వు చెడితే రొట్టె తగ్గుతుంది.
ఒక్కో రాత్రి దిండు నేను పట్టుకుంటానంటాడు.
కదుళ్లు వాటంతటవే కబుర్లాడుకుంటాయి.
నవ్వుకుంటాం,
పళ్లున్నంత మేరకు.

గొరీజియా కంసాలి యెర్నేయ్ ఉంగరం చూసి అన్నాడు:
"నిప్పు మీద పెట్టు, తెలుపు ఎగిరిపోతుంది.
కిటికీలు తెరువు.
ఊపిరి బిగబట్టు."

ఇరవై రెండేళ్లలో
ఈ ముక్క కొలిమి దగ్గర ఎవరూ చెప్పలేదు.

కాల్చలేదు.
ఇంట్లో ఒక ఊపిరి ఇచ్చాం, చాలు.
ఉంగరం పెళుసెక్కింది, అంచుకి దారం చిక్కుకుంటోంది,
విడదీసుకుంటూ అల్లుతున్నాను.

ఈ కాలరు వియన్నాలో ఎవరో దొరసానిది.
అద్దం ముందు నిలబడి మెడకి కట్టుకుంటుంది కాబోలు.
అద్దం వెనక మా ఆయన.
ముందు నేను.
ఆమె తన ముఖం చూసుకుంటుంది.