గడువు

చిలోయె దీవిలో వాన రాని రోజుకి
పేరు పెట్టుకుని గుర్తుంచుకుంటాం.
మిగతా రోజుల్లో పుస్తకాలు
అలమరలో నిలబడ్డవి నిలబడ్డట్టే చెమ్మగిల్లి
తడిసిన గొర్రెల వాసన వేస్తాయి.

కాస్త్రో ఊరి గ్రంథాలయంలో నాది మరమ్మతు పని.
మైదా జిగురు, దబ్బనం, మైనం పట్టించిన దారం,
బరువుకి రెండు ఇటుకలు.
కట్టెల పొయ్యి పక్కన తీగ కట్టి
పుటలు ఆరేస్తాను, చేపలు ఎండబెట్టినట్టు.
ముప్పై మూడేళ్ళుగా విరిగిన వెన్నులకి వైద్యం.
నా వెన్ను మాత్రం ఎవరూ కుట్టలేదు.

పోయిన మార్చిలో పన్నెండు ఈ-రీడర్లు తెచ్చారు.
పలకలంటాను నేను.
"ఇక నీకు విశ్రాంతి, ఎలియోదోరో" అంది నోల్ఫా.
నవ్వుతూనే అంది,
కానీ ఇటుకల వైపు చూసి అంది.

నిజం దాచను.
శుక్లం ముదిరిన నా ఎడమ కంటికి
అక్షరాన్ని శనగగింజంత చేసి చూపించిందది.
రాత్రి ఆవిడ నిద్ర చెడకుండా
దుప్పటి కింద దొంగలా చదివాను.
బూజు పట్టదు. వెండిపురుగు దాని జోలికి రాదు.
సెఫెరీనో అయితే జేబులో రెండువందల నవలలతో
వేటకి పోతున్నాడు;
మునిగితే అన్నీ ఒక్కసారే మునుగుతాయి.

అయినా రెండో వారానికి
ఖాళీ ఇంట్లో తిరుగుతున్నట్టు అనిపించింది.
కాగితప్పుస్తకంలో ఎవరో ఒకరు
నాకన్నా ముందు నడిచి వెళ్ళి ఉంటారు:
ఫెర్రీ టికెట్టు, చేపముల్లు,
ఊదారంగు పోయిన బంగాళాదుంప పువ్వు,
నూట పన్నెండో పుటలో "అబద్ధం!" అని పెన్సిలు కోపం.
పలకలోనూ గీతలున్నాయి లెండి.
"నలుగురు ఈ వాక్యం కింద గీశారు" అంటుంది.
ఏ నలుగురు? చెప్పదు.
కథ ఎంత మిగిలిందో కుడిచేతికి తెలియదు.
అరవై రెండు శాతం అంటుంది,
జ్వరం చూసిన నర్సులా.

జూన్ చలిలో ఒక నవల వచ్చింది నా బల్ల మీదికి,
సముద్రంలో తప్పిపోయిన వంటవాడి కథ.
చివరి ఆకు లేదు.
పొయ్యి రాజెయ్యడానికి చించారో
ఎవరికైనా ఇవ్వడానికి చించారో.
పలకలో వెతికితే దొరికింది.
పద్నాలుగు రోజులకి అరువు తీసుకున్నాను.
పదమూడు రోజులు జలుబులో, బద్ధకంలో పోయాయి.

పద్నాలుగో రాత్రి
మంచి కాగితం, నల్లసిరా,
పలకని ఇటుకకి ఆనించి
చూసి రాయడం మొదలెట్టాను.
ఒక పక్క నిండింది. తిప్పాను.
"వంటవాడు తలుపు తీసి, వానని లోపలికి రానిచ్చి, అప్పుడు"
పన్నెండు కొట్టింది.
పుట మాయమైంది.
గడువు ముగిసిందని మర్యాదగా చెప్పింది పలక.

ముప్పై మూడేళ్ళలో ఏ కాగితప్పుస్తకమూ
నా చేతుల్లోంచి లేచి
తన ఇంటికి తాను నడిచిపోలేదు.
అరువు సొమ్ము బరువు చేటంటారు.
బరువే లేని అరువుకి చేటు ఇలా ఉంటుంది కాబోలు.

మళ్ళీ అడిగితే ఏడుగురు వరసలో ఉన్నారంది.
విసిగి, ఆ ఆకు అలాగే అతికించాను,
"అప్పుడు" తర్వాత అంతా తెలుపు.
ఇటుకలు పెట్టి పడుకున్నాను.

ఆగస్టులో తిరిగొచ్చింది పుస్తకం.
సాల్మన్ కర్మాగారంలో రాత్రి షిఫ్టు చేసే
యాస్నా తీసుకెళ్ళిందని చీటీ చెప్పింది.
తెల్లజాగాలో ఆకుపచ్చ బాల్‌పెన్నుతో
పదకొండు వరుసలు, చలికి వంకరపోయిన అక్షరాలు.
వంటవాడు అప్పుడు ఏం చేశాడో
ఆ పిల్ల రాసేసింది.

నా వంతు సెప్టెంబరులో వచ్చింది.
పలకలో అసలు ముగింపు చదివాను. అది వేరు.
అదే మేలైనదేమో కూడా.
కొట్టేద్దామని సిరాబుడ్డి మూత తీశాను,
కాసేపు చూసి
పెట్టేశాను.

"బాగైందా?" అని అడిగింది నోల్ఫా.
కొంచెం చేపల వాసన వేస్తోంది, అన్నాను,
పుస్తకాన్ని అరలో నిలబెడుతూ.