తడి ఉలి

నీరు పల్లమెరుగు అంటారు.
ఇక్కడ పల్లమే లేదు.
కాంబోర్న్ ఊరి వెనక, గాలి తప్ప ఏదీ నిలవని దిబ్బ కింద
నాలుగు వేల మీటర్ల గ్రానైటు
కాళ్లు బారజాపుకొని పడుకుంది.
పల్లాన్ని మేమే తొలిచి నీటికి చూపించాలి.

నేను కెర్రా బొలైథోని. రాత్రి షిఫ్టు.
పంపు గదిలో మూడు యంత్రాలు పళ్లు బిగించి
చెరువంత కోపాన్ని
ఆవగింజ పట్టే రంధ్రంలోకి తోస్తుంటాయి.
ఆ రంధ్రం అంచుకి నీలమణి పొదిగారు,
ఏ వేలికీ ఉంగరం కాని నీలం.
అది దాటిన నీరు ఇక నీరు కాదు.
కడవలో ఊగదు, దోసిట్లో ఆగదు.

మార్చిలో గొట్టం కీలు దగ్గర
వెంట్రుకవాసి పగులు.
కంటికి ఏమీ ఆనలేదు, సన్నగా ఈల వినిపించింది.
ఎక్కడా అని హెడ్రా చెయ్యి చాపింది.
తొడుగు మీద చిన్న చుక్క.
లోపల ఎముక దాకా దారి.
ఇప్పుడు తొమ్మిదిన్నర వేళ్లతో టీ కలుపుతుంది.
చక్కెర ఎక్కువే వేస్తుంది,
ఎవరం ఏమీ అనం.

షెడ్డు గోడవార అరిగిన ఉక్కు దంతాల వరస.
పదమూడు లెక్కపెట్టి వదిలేశాను.
రెండేసి రోజులు కొరికి ఒక్కోటీ బోసిపోయింది.
కొండను తవ్వి ఎలుకనైనా పట్టలేదని ఊళ్లో నవ్వారు.
ఆ తర్వాత వచ్చింది ఈ జెట్టు.
ఇది కొరకదు.
బిలం అంచు చుట్టూ సన్నని గాడి గీస్తుంది.
రాయి తనను తాను గట్టిగా పట్టుకున్న చోట
ఆ పట్టు విడిపిస్తుంది.
ఇక ఉక్కు వచ్చి తడితే చాలు,
అటుకుల్లా రాలుతుంది.

మా ముత్తాత పాస్కో ఇదే రాయిని
తగరం కోసం పొడిగా తొలిచాడు.
ఆ డ్రిల్లుకి ఆడవాళ్లు పెట్టిన పేరు
పిల్లల ముందు పలికేవాళ్లు కాదట.
ముప్పై నాలుగేళ్లకే ఆయన ఊపిరి రాయి కట్టింది.
చిత్రమేమిటంటే గని నిండా నీళ్లే,
పగలూ రాత్రీ తోడి సముద్రంలో పారబోశారు.
అందులో ఒక్క చెంబెడు
ఆ రాతినోట్లో పోసుంటే దుమ్ము అణిగేది.
పోయడానికి టైము పడుతుంది.
టైముకి కూలి లేదు.

మూడు గంటలప్పుడు జల్లెడ మీదికి పొట్టు వచ్చింది.
చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపాను.
బూడిదరంగు, అభ్రకం తళుకు, నల్లటి సూదులు.
అంతా తడి. గాలిలోకి ఒక్క రేణువూ లేవలేదు.
దగ్గు వచ్చింది.
హెడ్రా కప్పు దించి నావైపు చూసింది.
జలుబే, అన్నాను.

నాలుగూ పదికి నాజిల్ మార్చాను.
పాత నీలం నిలువునా చిట్లింది.
పారేసేదే,
ఎందుకో జేబులో వేసుకున్నాను.
పాస్కో పోయిన చలికాలం
ముత్తమ్మ ఉంగరం అమ్మి బొగ్గు కొన్నదని,
ఆ బొగ్గు జనవరి దాకా కూడా రాలేదని
మా ఇంట్లో ఇంకా చెప్పుకుంటారు.

అడుగున రాయి మరుగుతోందని ఇంజనీర్లు అంటారు.
ఇళ్లన్నీ దాంతోనే వెచ్చబడతాయట.
నేనైతే చూడలేదు.
తిరిగొస్తున్న బురదలో చెయ్యి పెట్టాను.
మొన్నటికంటే వెచ్చగా ఉంది.