పెన్సిలు సున్నా

పదిహేడు రోజుల ట్రైనింగుకి కోయంబత్తూరు వెళ్తూ
వకుళ నాకు తాళాలివ్వలేదు,
అవి ఎలాగూ నా దగ్గరున్నాయి.
ఈ పుస్తకం ఇచ్చింది.

ఆరు ఉంగరాల పుస్తకం.
ప్యారిస్ కార్నర్ సందులో, పెళ్లిపత్రికల కొట్ల వెనక
బేరమాడి కొన్న నల్ల రెగ్జిన్ అట్ట.
కాగితాలు మాత్రం తనే కోసుకుంటుంది,
ఆఫీసులో పారేసే ఒకవైపు ప్రింటువి.
వెనక్కి తిప్పితే ఎవరిదో చెల్లని చలానా,
ముందువైపు మా సోమవారం.

"అన్నీ ఇందులోనే ఉన్నాయి" అంది
సెంట్రల్లో, రైలు కిటికీ ఊచల మధ్య నుంచి.
ఉన్నాయి. ఏ భాషలో అన్నదే చెప్పలేదు.

ఊదా గీత మేదిని, ఆకుపచ్చ గీత భార్గవ.
ఇ.14 అంటే ఇస్త్రీకి పద్నాలుగు.
అ.చు.3 దగ్గర ఆగిపోయాను.
అరిసెలా, చుట్టాలకా, మూడేనా?
రెండ్రోజులు అలాగే వదిలేశాను.
మూడోనాడు మా అమ్మ కళ్లు నులుముకుంటూ
"నా చుక్కలు ఎవరేస్తార్రా?" అంది.
అత్తయ్య చుక్కలు. రోజుకి మూడుసార్లు.
పదహారేళ్లుగా ఈ పొట్టి అక్షరాల మీద నడుస్తున్న ఇంట్లో
నేను అద్దెకున్నాను.

మె.లా. 5.10, మూత.
మెట్రో లారీ వరకూ తెలిసింది.
మూతేమిటో హారన్ మోగాక తెలిసింది.
సంపు మూత రాత్రే వదులు చేసి పెట్టుకోవాలి.
నేను గునపం వెతికేలోగా
పెరంబూరు వీధి సగం కడిగేసింది మా నీళ్లు.
"ఎన్న సార్, మేడం ఊర్ల ఇల్లియా?" అన్నాడు డ్రైవరు,
పైపు చుట్టుకుంటూ, జాలిగా.

శనివారం వాయుగుండం.
తెల్లారి ఆరింటికి టీవీ అడుగున పాకుతూ వచ్చింది
కలెక్టరు గారి సెలవు.
మేదిని తమిళ పరీక్ష కొట్టేశాను.
వ్యాను కొట్టేశాను. చెస్ క్లాసు కొట్టేశాను.
ఇస్త్రీ బండి ఈ వానలో ఎలాగూ రాదు.
కొట్టేస్తూ పోతే అడుగున ఒకటి మిగిలింది:
సాయంత్రం నాలుగూ నలభై,
పెన్సిలుతో చిన్న సున్నా.

వెనక్కి తిప్పాను.
పోయిన శనివారం, సున్నా. ఆ ముందుదీ సున్నా.
మేదినికి జ్వరమొచ్చిన వారం
రబ్బరు రుద్దిన మచ్చ,
ఆదివారం గడిలో మళ్లీ, ఇంకొంచెం చిన్నగా.
శనివారాలు నాకెప్పుడూ రెండో షిఫ్టు,
ఆ వేళకి ఈ ఇల్లెలా ఉంటుందో నేను చూడలేదు.

"సున్నా అంటే సున్నానే కదా నాన్నా" అన్నాడు భార్గవ.
మేదిని భుజాలెగరేసింది.
అమ్మ "నాకు తెలీదు" అంది,
నేను పూర్తిగా అడక్కముందే.
గిన్నెలు తోముతున్న అంజలై
తలెత్తకుండా చెప్పింది: "అక్కా మేల పోవాంగ."
మేడ మీదికా? ఏం చేస్తుంది?
అంజలై కొళాయి కట్టేసి నా వంక చూసింది.
మళ్లీ తిప్పింది.

నాలుగున్నరకి వాన తెరిపిచ్చింది.
మొదటి మెట్టు మీద నిలబడ్డాను.
పైన ఏముందో నాకు తెలుసు:
నీళ్ల ట్యాంకు, తడిసిన దండెం,
బోర్లించిన పాత పెయింటు బకెట్టు,
రైలుపెట్టెలు కనపడే పిట్టగోడ.
ఆ బకెట్టు ఎందుకు బోర్లించి ఉంటుందో మాత్రం
ఇన్నేళ్లలో అడగలేదు.
వెళ్లలేదు. దిగొచ్చి పాలు కాచాను.

రాత్రి ఫోన్లో లారీ గురించి అడిగింది, చుక్కల గురించి అడిగింది.
"ఇంకేమైనా అర్థం కాలేదా?"
"లేదు" అన్నాను.
కాసేపు ఇద్దరం కోయంబత్తూరు వాన విన్నాం.

వచ్చే నెల కాగితాలు నేనే కోశాను, వంకరగా.
మె.లా.కి, అ.చు.కి నా గీత గీద్దామంటే
ఇన్నాళ్లూ నాకో రంగే లేదు ఆ పుస్తకంలో.
భార్గవ స్కెచ్ పెన్నుల్లో వెతికితే
ఎవరికీ అక్కర్లేని గోధుమరంగు మిగిలింది.
శనివారాల అడుగున ఏమీ రాయలేదు.
పెన్సిలు చెక్కి అట్ట సందులో దోపాను.

ఉంగరాలు మూస్తే టక్కుమంది.
పక్కగదిలోంచి అమ్మ,
"చుక్కలేనా?"