ఆరున్నొకటి

కాగితాలు విశాఖ నుంచి వచ్చాయి.
ఇరవై ప్రశ్నలు, ప్రతిదాని పక్కనా
సున్నా నుంచి పది దాకా గళ్ళు.
లిఫ్టులో ఇరుక్కుంటే? సొరంగంలో రైలు ఆగితే?
లోపల వేసుకున్న గడియ రాకపోతే?
ఎమ్మారైకి వచ్చిన ప్రతివాళ్ళ భయమూ
కొలిచి పంపమన్నారు.

మూడు లాంతర్ల నుంచి కోటకి వెళ్ళే దారిలో మా సెంటరు.
కిటికీ లేని గది నాది.
అద్దం అవతల మిషను నోరు తెరుచుకుని ఉంటుంది.
వెళ్ళేవాళ్ళ చేతిలో రబ్బరు బుడ్డి పెట్టి
భయమేస్తే నొక్కండి అంటాను.
కొందరు నొక్కరు.
బయటికొచ్చాక చూస్తే అరచేతిలో
నాలుగు గోళ్ళ గుర్తులు.

యజ్జల తవిటయ్య రెండో నిమిషానికే నొక్కాడు.
అరవై రెండేళ్ళు, గరివిడి, నడుం నొప్పి.
బల్ల ఇవతలికి జారగానే లేచి కూర్చుని
తలుపు ఎక్కడుందో చూసుకున్నాడు,
ఆ తర్వాతే నన్ను.

లిఫ్టు ఎక్కారా?
"నేదమ్మా."
సొరంగం?
"అరకు రైల్లో ఎల్తే ఉంటాయంట. నానెల్లనేదు."
మరి దేనికండీ భయం?

"నాకు ముందర ముగ్గురు పోనారు.
అందుకని నన్ను పెంట మీద పెట్టి
సోలడు తవుడిచ్చి కొనుక్కున్నాది మాయమ్మ.
నా కరీదే సోలడు.
బయం అంతకన్నా ఎక్కువుంటాదేటి?"
నవ్వాడు. నేను కలం దించలేదు.

మాంగనీసు గోతిలో, పెళ్ళైన ఏడాది,
గోడ జారిందట. మీద పడలేదు.
చేటంత ఆకాశం పళ్ళెమంత అయింది, అంతే.
"అప్పుడు బయం నేదు, తాడు కోసం సూస్తన్నాను.
ఆర్నెల్లయ్యాక ఒచ్చినాది,
మా ఆడది తలుపు గడియేసిన రాత్రి."
అప్పటి నుంచీ అరుగు మీదే పడక,
మాఘమాసం మంచులో కూడా.
వానకి బస్సులో పరదాలు దించేస్తే
గుర్లలోనే దిగిపోయి
గరివిడి దాకా తడుస్తూ నడిచేవాడట.
ఎన్నిసార్లని అడిగితే, నెక్కెట్టనేదన్నాడు.

నడిచిన దూరానికి
ఈ కాగితంలో గడి లేదు.

పోనీ పదికి ఎంత వేయమంటారు?
చాలాసేపు పంకా వైపు చూసి
"ఆరున్నొకటి" అన్నాడు.
ఏడా?
"ఆ మాటనకమ్మా."

మా తాత గుర్తొచ్చాడు.
కళ్ళంలో ధాన్యం కొలుస్తూ ఒకటిని లాభమనేవాడు,
ఏడు దగ్గరికొచ్చేసరికి నోరు పక్కకి తప్పించేవాడు,
గింజలు వింటాయని.

జడపిన్నులు, దుద్దులు, వాచీ తీసి సొరుగులో పడేసి
మీటలు నూకరాజుకి అప్పజెప్పి
రెండోసారి నేనూ లోపలికి వెళ్ళాను.
మిషను మొదలెట్టింది,
నెల్లిమర్ల జూటుమిల్లు మగ్గాలన్నీ
ఒక్కసారే తిరిగినట్టు.
మాట వినబడదు.
ఆయన కుడికాలి బొటనవేలు పట్టుకుని నొక్కాను:
లాభం.
ఊపిరి దిగేదాకా ఆగి, రెండు.
మూడు.
కాలు చల్లగా ఉంది, మడమ నిండా పగుళ్ళు,
పగుళ్ళలో ఇంకా పోని ఏదో నలుపు.
ఆరు దగ్గర నా వేళ్ళు తడబడి ఆగాయి.
బొటనవేలు తనే కదిలింది, కొంచెంగా, పైకి.
ఎనిమిది నేను నొక్కాను.

అలా ఎన్ని కుంచాలు కొలిచామో తెలీదు.
పద్దెనిమిది నిమిషాలని నూకరాజన్నాడు.

సాయంత్రం కాగితాలు పంపే ముందు
ఆ ఒక్క గడీ ఖాళీగా ఉంది.
ఏడంకె వేస్తే ఏం పోయింది,
అంకెకి శబ్దముండదు కదా అనుకున్నాను.
చెయ్యి రాలేదు.
ఆరు వేసి, పక్కన ఒకటి వేశాను.

నాలుగో రోజున విశాఖ నుంచి ఫోను, ఎవరో కుర్రపిల్ల.
"మేడం, తవిటయ్య గారిది
పదికి అరవై ఒకటి అని ఉంది. పొరపాటా?"

పక్క గదిలో మిషను కొడుతూనే ఉంది.
లేదమ్మా, అన్నాను.
అలాగే ఉంచు.